గూళ్ళ మామ గబ్బు

గూళ్ళ మామ పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను కుప్పంలో మా కూతురి ఇంట్లో పూడుకుపోయిన స్నానాల గది తూము పొడుస్తున్నాను. చేతిలో చీపురు పుల్లలు, ముక్కుకు అడ్డంగా పైట కొంగు, నోటినిండా తిట్లు. తూములో పేరుకున్న వెంట్రుకల్నీ, సబ్బు జిడ్డునీ, గ్రానైటు ఫ్యాక్టరీలో పనిచేసే మా అల్లుడు రోజూ ఒంటికి పూసుకొని వచ్చే తెల్ల దుమ్మునీ కలిపి తిడుతున్నాను. ఫోన్ చేసింది మా ఆయన, మదనపల్లి నుంచి.

"గూళ్ళ మామ ల్యాడు. టీ తాగి కూసున్నోడు కూసున్నట్టే పోయినాడంట. పుంగనూరికి తమ్ముని ఇంటికి ఎత్తుకోని పోతాండారు. బయల్దేరి రా" అన్నాడు.

నేను తూము పక్కనే చతికిలబడ్డాను. కొంగు జారిపోయింది. కంపు ఒక్కసారిగా ముఖాన కొట్టింది. మామూలుగా అయితే లేచి పరుగెత్తేదాన్ని. ఆ పూట అక్కడే కూర్చొని ఏడ్చాను.

పోయినవాళ్ళు తలుచుకుంటే మల్లెపూల వాసనతోనో, విభూది వాసనతోనో గుర్తుకొస్తారని పెద్దపెద్దవాళ్ళు రాస్తుంటారు. మా గూళ్ళ మామ నాకు తూము కంపుతో గుర్తుకొచ్చాడు. ఇది చదివి ఎవరైనా ముఖం చిట్లించుకుంటే చిట్లించుకోండి. ఆయన్ను గురించి కంపు లేకుండా రాయాలంటే అబద్ధం రాయాలి. ఆ పని చేసేవాళ్ళు మా ఊళ్ళో వేరే ఉన్నారు, వాళ్ళ సంగతి చివర్లో చెప్తాను.

మాది మదనపల్లిలో మగ్గాల వీధి. ఇంటింటికీ ఒక గుంత మగ్గం, అంటే నేలలో నడుము లోతు గుంత తవ్వి, అందులో కాళ్ళు పెట్టుకొని కూర్చొని పట్టుచీరలు నేసే మగ్గం. వీధి చివర రేకుల షెడ్డు గూళ్ళ మామది. పుంగనూరు, సోమల వైపు రైతులు తెచ్చే పట్టుగూళ్ళను కొని, తొట్లలో మరిగే నీళ్ళలో ఉడకబెట్టి దారం తీసే పని ఆయనది. గూళ్ళ మీది దారమంతా వచ్చేశాక లోపలి పురుగు మిగులుతుంది. ఉడికిన పురుగు. ఆ కంపు ఎట్లా ఉంటుందో తెలియనివాళ్ళు అదృష్టవంతులు. చచ్చిన ఎలుక కంపయితే నాలుగు రోజులకు పోతుంది. ఇది రోజూ కొత్తగా ఉడుకుతుంది కాబట్టి పోదు. తడిబట్టలకు పడుతుంది, కుండలో నీళ్ళకు పడుతుంది, పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళ ముఖాలకు పడుతుంది. మా అమ్మాయిని చూడ్డానికి కలికిరి నుంచి వచ్చిన మొదటి సంబంధం వాళ్ళు కాఫీ గ్లాసు కింద పెట్టి, "ఇంట్లో ఏదో చచ్చినట్టుంది, చూసుకోండి" అని లేచి పోయారు. ఆ పగ నేను మరిచిపోలేదు.

నాకు మొదటినుంచీ అసహ్యం ఎక్కువ. కోపం ముక్కు మీదే ఉంటుంది, దాని పక్కనే అసహ్యమూ ఉంటుంది. ఇరవై ఏళ్ళు ఆ షెడ్డు ముందునుంచి కొంగు అడ్డం పెట్టుకోకుండా నేను నడవలేదు. ఆయన చూసేవాడు. ఏమీ అనేవాడు కాదు. పైగా టీ కొట్టుకు వచ్చేటప్పుడు దూరంనుంచే, "జరగండప్పా జరగండి, గబ్బొస్తాండాది" అని తన రాకను తనే చాటుకొనేవాడు. గ్లాసు తీసుకొని, గాలి ఏ వైపుకు వీస్తోందో చూసి, తన కంపు ఎవరికీ తగలనివైపు కూర్చొనేవాడు. గాలి తిరిగితే గ్లాసుతో సహా తనూ తిరిగేవాడు. శుక్రవారం మాత్రం తలస్నానం చేసి, తెల్ల జుబ్బా వేసి, ఇంత అత్తరు పూసుకొని నమాజుకు పోయేవాడు. అత్తరూ ఆ గబ్బూ కలిసి ఇంకా ఘోరంగా ఉండేది. "శుక్రవారం కంటే మిగతా దినాలే మేలు మామా" అని ఒకసారి అనేశాను. "నువ్వొక్కదానివే నిజం సెప్తావమ్మా" అని పడీపడీ నవ్వాడు.

ఆయన చేతులు చూడాలి. మరిగే నీళ్ళలోంచి దారం కొసలు పట్టీపట్టీ వేళ్ళు తెల్లగా పాలిపోయి, నానిపోయి, పగిలి ఉండేవి. భార్య ఎప్పుడో పోయింది. పిల్లల్లేరు. తిట్టినా నవ్వేవాడు. ఎందుకట్లా నవ్వుతావంటే, "ఉడికే నీళ్ళల్లో యేలు పెట్టేవానికి మాట కాలదమ్మా" అనేవాడు.

నాలుగేళ్ళ కిందట దసరా అప్పుడు వీధంతా కూడబలుక్కొని ఆయన షెడ్డు మూయించాలని మున్సిపాలిటీకి అర్జీ పెట్టింది. రాసింది నేనే. ఇంటర్ దాకా చదువుకున్నాను, దస్తూరి బాగుంటుంది, వీధిలో ఎవరికి ఏ అర్జీ కావాలన్నా నా దగ్గరికే వస్తారు. ఆ రోజు పండుగకు కొట్లన్నీ మూసి ఉన్నాయి, తెల్లకాగితం దొరకలేదు. మా ఆయన చీర అంచులకు నెమళ్ళూ మామిడిపిందెలూ గీసుకొనే గళ్ళ కాగితం తీసుకొని దానిమీదే రాశాను. అట్లాంటి కాగితం వీధిలో మా ఇంట్లో తప్ప ఇంకెవరింట్లోనూ ఉండదు. ఆ ఆలోచనే నాకు రాలేదు. పొగగొట్టం పొట్టిగా ఉందని ఒకటి, కడిగిన నీళ్ళు వీధి కాలువలోకి వదులుతున్నారని రెండు, ఉడికిన పురుగును సంచుల్లో వాకిట్లోనే పెడుతున్నారని మూడు. ఇవన్నీ నిజమే. చివర్న మాత్రం ఊపులో, "ఈ దుర్గంధం వల్ల పసిబిడ్డల ప్రాణాలకే ముప్పు" అని రాశాను. అప్పటికి మా వీధిలో పసిబిడ్డే లేదు. అందరూ సంతకాలు పెట్టారు. పక్కింటి ముసలావిడ వేలిముద్ర వేసి, ఆ సిరా వేలు షెడ్డు వైపే చూపించి నాలుగు తిట్లు కూడా తిట్టింది.

ఆ తర్వాత కార్తీకంలో పట్టుకుంది ముసురు. మదనపల్లి చలి తెలిసినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు, కొండమీది గాలి ఎముకల్లోకి దిగుతుంది. దానికి ముసురు తోడయింది. రోజుల తరబడి ఎండ ముఖం కనిపించలేదు. గుంత మగ్గాల్లో నీళ్ళు ఊరాయి. చెంబులతో ఎత్తిపోస్తే తెల్లారేసరికి మళ్ళీ ఊరేవి. పడుగు దారాలు చెమ్మపట్టి ఒకదానికొకటి అతుక్కున్నాయి. నేస్తే తెగుతాయి, నేయకపోతే పొయ్యి వెలగదు. వీధి వీధంతా చేతులు ముడుచుకొని కూర్చుంది. కట్టెలు తడిసిపోయాయి. కరెంటు ఎప్పుడు వస్తుందో దానికే తెలియదు.

అప్పుడే దుప్పట్ల పంపకం వాళ్ళు వచ్చారు. ఎవరో ఏమో పేర్లు నాకు అక్కర్లేదు. తుంపర్లో మమ్మల్ని వరసగా నిలబెట్టారు, పెద్దమనిషి ఇంకా రాలేదని. ఆయన కారు వచ్చేసరికి మేం తడిసి ముద్దయ్యాం. ఒక్క దుప్పటిని ఆరుగురు పట్టుకొని ఫొటో. పక్కింటి ముసలావిడను "అవ్వా, కొంచెం నవ్వు" అన్నారు. ఆమె వణుకుతున్న పళ్ళు కనిపించాయి, అదే నవ్వనుకొని తీసుకున్నారు. ఫొటో సరిగా రాలేదని ఇచ్చిన దుప్పటి మళ్ళీ లాక్కొని, మళ్ళీ ఇచ్చారు. ఛీ! ఆ దుప్పట్లా అవి? దీపానికి అడ్డం పెడితే గంజి వడకట్టే గుడ్డలాగా కనిపించాయి. గూళ్ళ మామను కూడా రమ్మన్నారు. ఆయన షెడ్డు గుమ్మంలోనే నిలబడి, "నాకు నక్కో సార్, వద్దు, నా కాడ పొయ్యుండాది" అన్నాడు. ఆ పొయ్యి మాట అప్పుడు మా ఎవరి చెవికీ ఎక్కలేదు.

ఆ ముసురులోనే మా కూతురు పురుడు పోసుకుంది. ఎనిమిదో నెలలోనే. ఆడబిడ్డ, అరచెయ్యంత. ఆసుపత్రిలో కొన్ని రోజులు గాజు పెట్టెలో ఉంచి, ఇక ఇంటికి తీసుకుపోవచ్చన్నారు. "ఏ మందూ అక్కర్లేదు, వెచ్చగా ఉంచండి. చలి తగిలిందంటే మాత్రం చెప్పలేం" అన్నారు డాక్టరమ్మ. వెచ్చగా! ఇంట్లో మగ్గం గుంతలో నీళ్ళు, గోడలకు చెమ్మ, రేకుల్లోంచి ధార. బిడ్డను నా రొమ్ముకు అదుముకొని, మా ఆయన చొక్కా, నా పాత చీర, ఆ వడకట్టే దుప్పటి అన్నీ చుట్టినా పాదాలు మంచుముక్కల్లాగే ఉన్నాయి. పొద్దున చూస్తే గోళ్ళు నీలంగా తిరుగుతున్నాయి. కుంపట్లో తడి కట్టె పొగ తప్ప మంట లేదు. నా కూతురు ఏడవడం కూడా మానేసి బిడ్డ వైపే చూస్తోంది.

గుమ్మం బయట గూళ్ళ మామ దగ్గాడు. ఇరవై ఏళ్ళలో మా గడప దగ్గరికి ఆయన రావడం అదే మొదలు. నేను అలవాటు చొప్పున కొంగు తీశాను. ఆయన రెండడుగులు వెనక్కి జరిగాడు.

"ఏమ్మా, సిన్న సాయం కావల్ల. పనోళ్ళు రాలేదు. పొయ్యి ఆరిపోతాండాది. కట్టెలు తోసేదానికి ఒక మనిషి కావల్ల, వస్తావా?" అన్నాడు.

"ఈ బిడ్డను పెట్టుకోని యాడికొచ్చేది మామా" అన్నాను విసురుగా.

"ఇంట్లో యాల ఇడిసిపెడతావు? తల్లినీ బిడ్డనూ ఎత్తుకోనే రా. ఆడ జాగా ఉండాది."

సాయం అడిగింది ఆయన. నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరించే సంగతి అదే. మీకు దిక్కులేదు రండి అనలేదు. నాకు మనిషి కావాలన్నాడు.

షెడ్డులోకి అడుగు పెట్టగానే నాకు వాంతి వచ్చింది. దాచడమెందుకు, గుమ్మం పక్కనే చేసుకున్నాను కూడా. కానీ ఆ వేడి! కర్రల పొయ్యి మీద మూడు తొట్లు మరుగుతున్నాయి, గోడలు పొడిగా, అరుగు గోరువెచ్చగా. మామ ఒక గూళ్ళ బుట్ట తెచ్చి, గూళ్ళ మీది పై పీచును, మెత్తగా దూదిలా ఉండే ఆ పట్టు పీచును దానినిండా పరిచి అరుగు మీద పెట్టాడు. "దీంట్లో పండబెట్టు. గబ్బే గానీ ఇంత వెచ్చన రాజుల ఇంట్లో కూడా ఉండదు" అన్నాడు. బిడ్డను అందులో పెట్టాం. కాసేపటికి పాదాలు ముట్టుకున్నాను. వెచ్చగా ఉన్నాయి. మధ్యాహ్నానికి గోళ్ళకు రంగు వచ్చింది. సాయంత్రానికి గుక్కపట్టి ఏడ్చి పాలు తాగింది. నా కూతురు తొట్టి పక్కన కూర్చొని వెక్కివెక్కి ఏడ్చింది.

రెండో రోజు నుంచి ఒక్కో ఇంటికీ ఒక్కో వంక చెప్పి పిలుచుకొచ్చాడు. మా ఆయన్ని, "పడుగులన్నీ తెచ్చి నా దూలాలకు యాలాడదీయప్పా, బల్లులు తొట్లో పడతాండాయి" అన్నాడు. పట్టు దారాలకు భయపడి ఆగే బల్లి ఎక్కడైనా ఉందా? అయినా అందరూ పడుగులు తెచ్చి వేలాడదీశారు, ఆ వేడికి అవి ఆరాయి. పక్కింటి ముసలావిడ, "నాకేం పని సెప్తావు సాయిబూ, నాకు చేతులు వణకతాండాయే" అంది. "నువ్వు ఊరికే కూసోని నన్ను తిట్టమ్మా, పొయ్యి బాగా మండుతాది" అన్నాడు. ఆమె ఆ పని నమ్మకంగా చేసింది.

పగలంతా అక్కడే, వంట అక్కడే. పక్క పొయ్యి మీద ఒకే పెద్ద గిన్నెలో సంగటి కెలికి, ఒకే ఊరుబిండి పచ్చడి నూరి, అందరం వరసగా కూర్చొని తినేవాళ్ళం. సంగటి ముద్దకూ అదే కంపు, మంచినీళ్ళకూ అదే కంపు. మొదటిరోజు ఒక్కరికి కూడా ముద్ద దిగలేదు. మూడో రోజు కారం తక్కువయిందని కొట్లాడుకున్నాం. "సూస్తివామ్మా, కంపుదేముంది, నాలుగు దినాలుంటే సుట్టమైపోతాది" అన్నాడు మామ.

ఎన్నాళ్ళయిందో ఒక పొద్దున షెడ్డులో ఏదో తేడాగా అనిపించింది. ఏమిటో తెలియలేదు. కొంగు ముక్కు మీద లేదు, అయినా కడుపులో తిప్పడం లేదు. అలవాటయిందేమో అనుకున్నాను. కట్టె తోస్తూ తొట్టిలోకి తొంగి చూశాను. గూళ్ళు లేవు. రెండో తొట్టి చూశాను. ఉత్త నీళ్ళు. మామ గరిటె పట్టుకొని ఆ ఉత్త నీళ్ళనే కలుపుతున్నాడు, పని చేస్తున్నట్టు.

"ఏంది మామా ఇది, గూళ్ళు యాడ?" అన్నాను.

"మెల్లగా మాట్లాడు. గూళ్ళు యాడొస్తాయమ్మా? తడి ఆకు తిని రైతుల కాడ పురుగులన్నీ సచ్చిపాయె. వారమాయె మార్కెట్టుకు రాక. ఉన్న పురుగు సంచులు కూడా కోళ్ళ మేతకు పోయినాయి."

"మరి ఈ పొయ్యి యాల మండిస్తాండావు? వారం దినాల కట్టెలు!"

ఆయన గరిటె ఆపలేదు. "ఊరికే కూసోమంటే మనిషికి సిగ్గవుతాది. పని జరగతాండాది అంటే కూసుంటారు. నువ్వు తొట్లోకి సూసినావని ఎవురికీ సెప్పొద్దు" అన్నాడు.

నన్ను చూసుకుంటే నాకే రోత పుట్టింది. ఆయన షెడ్డు మూయించమని రాసిన చేత్తోనే ఆయన పొయ్యిలోకి ఆయన కట్టెలు తోస్తున్నాను. నా మనవరాలు ఆయన బుట్టలో పడుకొని ఉంది.

ఆ మధ్యాహ్నమే మున్సిపల్ ఆఫీసు నుంచి మనిషి వచ్చాడు. దసరాకు పెట్టిన అర్జీ, ఫైళ్ళన్నీ దాటుకొని, సరిగ్గా ఆ రోజుకు కదిలింది. ఆయన ముందే సిద్ధపడి ముక్కుకు రుమాలు కట్టుకొని వచ్చాడు. వెంట తాళమూ సీలూ పట్టుకున్న ఇద్దరు. లోపల ఆడా మగా, ముసలీ ముతకా, దూలాల నిండా పడుగులు, అరుగు మీద బుట్టలో నిద్రపోతున్న బిడ్డ. ఆయన తెల్లబోయి నిలబడి, ఫైలు తెరిచి చదవడం మొదలుపెట్టాడు. నా దస్తూరి. గళ్ళ కాగితం. "ఈ దుర్గంధం వల్ల పసిబిడ్డల ప్రాణాలకే ముప్పు" అనే మాట గట్టిగా చదివి బుట్ట వైపు చూశాడు. సీలు పడితే ఆ బిడ్డ మళ్ళీ ఆ తడి ఇంటికే పోవాలి. అక్కడ ఎన్ని గంటలు బతుకుతుందో నాకు తెలుసు. నా రాతతో నా మనవరాలి మెడ నేనే పిసుకుతున్నాను.

ఆఫీసాయన రుమాలు దించాడు. పీల్చాడు. ఇంకోసారి పీల్చాడు. "కంపు లేదే?" అన్నాడు.

ఉత్త నీళ్ళకు కంపెక్కడిది! అవును సార్, ఎప్పుడూ ఉండదు సార్ అంటే అయిపోయేది. మామ ఆ మాట అనలేదు.

"గూళ్ళు పడితే ఉంటాది సార్. ఇప్పుడు గూళ్ళు లేవు. రాసినోళ్ళు అబద్ధం రాయలేదు" అన్నాడు.

ఈ మనిషికి బుద్ధుందా అనుకున్నాను.

"ఎవరు రాశారో నీకు తెలుసా? కింద సంతకాలున్నాయి, చదవనా?" అన్నాడు ఆఫీసాయన.

మామ ఆ కాగితం వైపు చూశాడు. గళ్ళ వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. ఒక్క క్షణమే.

"పేర్లు సదవద్దు సార్. అందురూ ఈడే ఉండారు."

తల ఎత్తినవాళ్ళు లేరు. అప్పుడు పక్కింటి ముసలావిడ లేచింది. వణుకుతూనే ఆయన ముందుకు పోయింది. "నాయనా, నా యేలిముద్ర యాడుండాదో సూసి తుడిపెయ్యి. లేదంటే సీలేసుకో. సీలేసినాక మేమంతా నీ ఇంటికే వస్తాము, సంగటి నువ్వే కెలకల్ల!" అంది. ఎవరో నవ్వారు. తర్వాత మా ఆయన లేచి, "నా పేరూ తీసెయ్యండి" అన్నాడు. ఒకరి తర్వాత ఒకరు లేచారు. నేను లేవలేదు. బుట్ట పక్కన కూర్చొని నేల చూశాను.

ఆఫీసాయన ఫైల్లో ఏదో రాసుకున్నాడు. తనిఖీ సమయంలో దుర్గంధం లేదు అని. పోయేముందు పొయ్యి దగ్గర వంగి అరచేతులు కాచుకున్నాడు. తాళం పట్టుకొచ్చినవాళ్ళూ కాచుకున్నారు.

ముసురు విడిచింది. గుంతల్లో నీళ్ళు ఇంకాయి, మగ్గాలు మళ్ళీ ఆడాయి, ఎవరిళ్ళకు వాళ్ళం పోయాం. షెడ్డులో గూళ్ళు పడ్డాయి, గబ్బు తిరిగి వచ్చింది. నెల తిరక్కముందే మామ పొగగొట్టం ఎత్తు పెంచాడు. తర్వాత వెనకాల గుంత తవ్వించి కడిగిన నీళ్ళు అందులోకి మళ్ళించాడు. ఆ తర్వాత పురుగు సంచులకు మూతలున్న డ్రమ్ములు తెచ్చాడు. ఒకటి, రెండు, మూడు. నేను రాసిన వరసలోనే. ఆఫీసుకు పోయి ప్రతి అక్షరం చదివించుకున్నాడన్నమాట.

ఇక ఆగలేక ఒక పొద్దున సంగటీ చట్నీ పట్టుకొని పోయాను. "మామా, ఆ అర్జీ..." అని మొదలుపెట్టాను.

"దస్తూరి బాగుండాదమ్మా. ముత్యాలు" అన్నాడు తొట్టిలోంచి తలెత్తకుండా. "అయితే ఇంకోతూరి రాసేటప్పుడు తెల్లకాగితం మీద రాయి. డిజైను కాగితం ఏంటికి పాడు సేస్తావు?"

క్షమించమనే మాట నా నాలుక చివరిదాకా వచ్చి, నవ్వుగా బయటికి వచ్చింది. తర్వాత మళ్ళీ ఆ మాట ఎత్తలేకపోయాను. నాలుగేళ్ళలో రోజుకోసారి ఆయన ముందునుంచి నడిచాను. కొంగు అడ్డం పెట్టుకోవడం కూడా మానలేదు. అలవాటు అనుకోండి, పాడుబుద్ధి అనుకోండి.

ఫోన్ వచ్చిన రోజు నేనూ మనవరాలూ పుంగనూరు బస్టాండులో దిగి ఆయన తమ్ముడి ఇంటికి పోయేసరికి మగవాళ్ళు జనాజాను మట్టి చేయడానికి మోసుకొని వెళ్ళిపోయారు. ఆడవాళ్ళు ఖబరస్తానుకు పోరు. గుమ్మం దగ్గర ఖాళీ మంచం చూసి తిరిగివచ్చాను.

తర్వాతి వారం మనవరాలిని వెంటబెట్టుకొని మదనపల్లి పోయాను. వీధి మొదట్లోనే ఫ్లెక్సీ. దుప్పట్ల పంపకం వాళ్ళదే. పైన వాళ్ళ ముఖాలు గుమ్మడికాయలంత, కింద ఆయన ముఖం నిమ్మకాయంత. అది కూడా ఆయనది కాదు, ఆయన తమ్ముడిది. సంతాప సభ పెట్టారు. అర్జీకి మొదటి సంతకం పెట్టినవాడు మైకు పట్టుకొని, "పరిశుభ్రతకు ఆయన మారుపేరు" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. సంతాప సభలో చప్పట్లు! నేను కాండ్రించి ఉమ్మేసి లేచి వచ్చాను.

షెడ్డు తలుపు తీసి ఉంది. ఎవరో కూల్‌డ్రింకుల గోడౌనుకు మాట్లాడుకున్నారట. తొట్లు పీకేశారు, పొయ్యి పడగొట్టారు, గోడలకు సున్నం, నేలంతా ఫినాయిలు. ఇరవై ఏళ్ళు నేను అడిగింది ఇదే. గుమ్మంలో నిలబడి చూశాను. ఛీ, ఎంత శుభ్రంగా ఉందో!

మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ షెడ్డులోనే ఆడుకొనే మనవరాలు లోపలంతా తిరిగి, అరుగు ఉన్నచోట నిలబడి ముక్కు ఎగబీల్చింది. "అవ్వా, తాత గబ్బు యాడికి పాయె?" అంది.

అది బయటికి పోయి, పారేసిన చెత్తకుప్పలో ఏదో లాగింది. విరిగిన గూళ్ళ బుట్ట. అడుగున నల్లబడిన పట్టు పీచు ఇంకా అతుక్కొని ఉంది. ముఖం అందులో పెట్టి, తల ఎత్తి, "ఈడుండాది అవ్వా!" అని అరిచింది. రెండు చేతులతో బుట్టను మోసుకొచ్చి నా ముఖం దగ్గర పెట్టింది.

కొంగు అప్పటికే నా ముక్కు మీద ఉంది. తీసేశాను. వంగి, గట్టిగా పీల్చాను. ఉడికిన పురుగు కంపు. కడుపులో తిప్పింది. ఇంకోసారి పీల్చాను.